ఒకే ఇంటికి రెండు కుటుంబాలు: ఎవరికి కాదని చెప్పాలి?

ప్రశ్న:

అరకులో మా మామగారి కాఫీ తోటను ఆనుకొని ఉన్న రెండు గదుల ఇంటిని రెండేళ్లుగా పర్యాటకులకు ఇస్తున్నాం. ఎయిర్‌బీఎన్‌బీ యాప్‌లో ఇన్‌స్టంట్ బుకింగ్ పెట్టాం, అంటే మేము ఒప్పుకోనక్కర్లేకుండానే బుకింగ్ ఖాయమైపోతుంది. తెలిసినవాళ్లు అడిగితే మావారు ఫోన్‌లోనే మాట ఇచ్చేస్తుంటారు. నవంబరు 12న విజయనగరంలో ఉండే ఆయన పాత సహోద్యోగి ఫోన్ చేసి, డిసెంబరు 30 నుంచి మూడు రాత్రులు తమ కుటుంబానికి ఇల్లు కావాలని అడిగి, రూ.5,000 అడ్వాన్సు పంపారు. మావారు ఆ సంగతిని గోడ క్యాలెండరులో డిసెంబరు కాగితం మీద రాశారు. పైన నవంబరు కాగితం ఉండడంతో అది నా కంట పడలేదు. నవంబరు 19న అవే మూడు రాత్రులకు యాప్‌లో బెంగళూరు నుంచి ఒక తెలుగు కుటుంబం బుక్ చేసుకుంది. వాళ్లకు పది నెలల పాప ఉంది, విశాఖకు విమానం టికెట్లు కూడా తీసుకున్నారు. డిసెంబరు 1న కాగితం తిప్పినప్పుడు అసలు సంగతి తెలిసింది. నాలుగు రోజులైనా ఎవరికీ చెప్పలేదు. యాప్ బుకింగ్ రద్దు చేస్తే జరిమానా పడుతుంది, మంచి యజమానులకు యాప్ ఇచ్చే సూపర్‌హోస్ట్ గుర్తింపు కూడా పోతుంది, విజయనగరం వాళ్లు మనవాళ్లే కాబట్టి సర్దుకుంటారని మావారు అంటున్నారు. నీళ్ల పైపు పగిలిందని చెప్పేస్తే గొడవ ఉండదని మా మేనల్లుడి సలహా. బెంగళూరు వాళ్లనే రద్దు చేసుకోమని అడిగితే జరిమానా తప్పుతుందని నాకు అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ఇల్లు విజయనగరం కుటుంబానిదే. వాళ్లు ముందు అడిగారు, మీవారు ఒప్పుకున్నారు, అడ్వాన్సు మీ ఖాతాలో పడింది. బెంగళూరు కుటుంబానికి ఈ రోజే మీరే స్వయంగా ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాలి. వాళ్లకు మరో వసతి మీరే వెతికి, అద్దెలో తేడా వస్తే మీరే భరించి, యాప్‌లో రద్దు కూడా మీ చేతులతోనే చేయాలి. ఈ దారి మీకు ఖర్చుతో కూడుకున్నదని నాకు తెలుసు. అయినా పొరపాటు మీ ఇంట్లో జరిగినప్పుడు దాని ఖర్చు మీ ఇంట్లోనే తేలాలన్నది నా అభిప్రాయం. కింద రాసినదంతా ఆ అభిప్రాయం నుంచి వచ్చినదే.

ఫోన్‌లో ఇచ్చిన మాటకు యాప్‌లో వచ్చిన బుకింగుకున్నంత బలం ఉండదని చాలామంది హోమ్‌స్టే యజమానులు అనుకుంటారు. చట్టం ఆ తేడా చూడదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటిమాటతో కుదిరిన ఒప్పందం కూడా ఒప్పందమే. ఇక్కడైతే తేదీలు చెప్పుకున్నారు, అద్దె చెప్పుకున్నారు, యూపీఐలో డబ్బు చేతులు మారింది. ఆ లావాదేవీ వివరాలే సాక్ష్యంగా నిలుస్తాయి. డబ్బు తీసుకొని గది ఇవ్వకపోతే 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద సేవాలోపమని ఫిర్యాదు చేసే అవకాశమూ వాళ్లకు ఉంటుంది. విజయనగరం వాళ్లు మీ మీద ఫిర్యాదు చేస్తారని నేను అనుకోవడం లేదు. అయితే చేయరన్న ధైర్యంతోనే వాళ్లను పక్కన పెట్టాలన్న ఆలోచన వస్తోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

‘మనవాళ్లే కదా, సర్దుకుంటారు’ అన్న మాట మన ఇళ్లలో ఎంత సులువుగా వస్తుందో మీకూ తెలుసు. పెళ్లిలో భోజనాల దగ్గర మనవాళ్లే చివరి పంక్తిలో కూర్చుంటారు, గదులు చాలకపోతే మనవాళ్లే హాల్లో చాపల మీద పడుకుంటారు. అక్కడ అందరూ ఒక కుటుంబంగా కలిసి వచ్చి ఉంటారు కాబట్టి అది ఆప్యాయతలో భాగం. ఇక్కడ ఆయన మీకు అద్దె కట్టి, మీరు అడిగిన అడ్వాన్సు పంపి, ఇంట్లోవాళ్లకు ‘ఏడాది చివర్లో అరకు వెళ్తున్నాం’ అని చెప్పుకొని, పిల్లలకు స్వెట్టర్లు కొని ఉంటారు. మీవారు ఫోన్ చేసి ‘కాస్త ఇబ్బంది వచ్చింది’ అనగానే ఆయన మొహమాటపడి ‘పరవాలేదండీ’ అంటారు. ఆ మాటను మీరు అంగీకారం అనుకుంటారు. ఆయన మాత్రం ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఆ సాయంత్రమంతా తిప్పలు పడతారు. తెలిసినవాళ్ల మొహమాటాన్ని మన తప్పుకు పరిహారంగా వాడుకుంటే వాళ్లు పైకి ఏమీ అనరు, ఇక ఎప్పుడూ ఫోన్ చేయరు.

ఇక జరిమానా సంగతి. ఎయిర్‌బీఎన్‌బీ నియమాల ప్రకారం అతిథి దిగడానికి 30 రోజులకు పైగా ఉండగా ఇంటి యజమాని రద్దు చేస్తే బుకింగు మొత్తంలో 10 శాతం, 30 రోజుల లోపు అయితే 25 శాతం, చివరి 48 గంటల్లో అయితే 50 శాతం కోత పడుతుంది. ఎంత తక్కువైనా 50 డాలర్లకు తగ్గదు, అంటే మన రూపాయల్లో నాలుగు వేల పైమాటే. మీ ఇంటి అద్దె రాత్రికి రూ.7,000 అనుకుంటే మూడు రాత్రులకు రూ.21,000 అవుతుంది. ఈ రోజు రద్దు చేస్తే అందులో రూ.5,250 పోతుంది, డిసెంబరు 29న చేస్తే రూ.10,500 పోతుంది. రద్దు చేసే ముందు కచ్చితమైన మొత్తాన్ని యాప్ మీకు చూపిస్తుంది, చూసుకోండి. ఆ తేదీలను యాప్ మళ్లీ తెరవనివ్వదు. ఎలాగూ విజయనగరం కుటుంబం ఉంటుంది కాబట్టి దాని వల్ల మీకు నష్టం లేదు. సూపర్‌హోస్ట్ గుర్తింపు నిలవాలంటే రద్దులు ఒక శాతం లోపే ఉండాలి కనుక, ఏడాదికి వంద బుకింగులు లేని ఇంటికి ఒక్క రద్దుతోనే ఆ గుర్తింపు పోవచ్చు. అది చిన్న నష్టమని నేను అనను. రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్నారు. కానీ ఆ లెక్కను మూడు నెలలకోసారి మళ్లీ వేస్తారు, అంతకు ముందు 12 నెలల పనితీరును చూస్తారు. అంటే పోయినది మళ్లీ తెచ్చుకోగలిగినదే.

బెంగళూరు వాళ్లనే రద్దు చేసుకోమని అడగాలన్న మీ ఆలోచన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ సలహా హోమ్‌స్టేలు నడిపేవాళ్ల మధ్య బాగా తిరుగుతుంది, ఇచ్చేవాళ్లు కూడా అది తప్పని అనుకోరు. మీరు రద్దు చేస్తే అతిథికి యాప్ సేవా రుసుముతో సహా పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. పైగా దిగే తేదీకి 30 రోజుల లోపు యజమాని రద్దు చేస్తే అలాంటిదే మరో ఇల్లు వెతకడంలో ఆ సంస్థ అతిథికి సాయపడుతుంది. అదే రద్దును అతిథి చేసుకుంటే ఈ రక్షణ వాళ్లకు ఉండదు, తిరిగి వచ్చే డబ్బు కూడా మీరు పెట్టుకున్న రద్దు నిబంధనను బట్టి తగ్గిపోవచ్చు. అంటే మీ ఐదు వేలను కాపాడుకోవడానికి, ఏ తప్పూ చేయని తల్లిదండ్రుల చేత వాళ్లకున్న హక్కును వదిలించుకోమంటున్నారన్నమాట. వాళ్లకు ఆ నియమం తెలియకపోవచ్చు, మీకు తెలుసు. అలా అడగడం ఆ సంస్థ నియమాలకు కూడా విరుద్ధం. బుకింగ్ డాట్ కామ్‌లోనూ ఇల్లు పెట్టే ఆలోచన ఉంటే ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఒకే గది ఇద్దరికి వెళ్లినప్పుడు అతిథికి సమానమైన వసతి చూపించి, తేడా ఖర్చు భరించే బాధ్యతను అక్కడా యజమాని మీదే పెడతారు.

పైపు పగిలిందన్న మాట మీద ఎక్కువ రాయను. అరకు చిన్న ఊరు. మీ ఇంటికి వచ్చే కారు డ్రైవర్లే పక్క ఇంటికీ వెళ్తారు. డిసెంబరు 31 రాత్రి మీ ముంగిట్లో చలిమంట వేసుకున్న కుటుంబం ఫొటోలు పెడుతుంది. పైపు పగిలిన ఇంట్లో అన్ని దీపాలు ఎలా వెలిగాయని బెంగళూరులో ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. అబద్ధం చెప్పాక మళ్లీ నిజం చెప్పడానికి వీలుండదు కాబట్టి, నష్టపరిహారం గురించి మాట్లాడే దారి కూడా మూసుకుపోతుంది. ఆ కుర్రవాడు మీ మేలు కోరే చెప్పి ఉంటాడు, ఆ సలహా మాత్రం తీసుకోకండి.

ఒక మినహాయింపుకు మాత్రం చోటుంది. పది నెలల పాప, విమానం టికెట్లు, బెంగళూరు నుంచి ప్రయాణం ఒకవైపు. విజయనగరం నుంచి సొంత కారులో ఉదయం బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి చేరగల కుటుంబం మరోవైపు. తేదీ మార్చుకోవడం ఎవరికి తేలికో కనిపిస్తూనే ఉంది. అందుకని విజయనగరం వాళ్లను ఒక్కసారి అడగవచ్చు. అడిగే పద్ధతి ముఖ్యం. మొదటి వాక్యంలోనే ‘ఇల్లు మీదే, మీరు వద్దంటే మరో మాట లేదు’ అని చెప్పాలి. కారణంగా పాపను, విమానం టికెట్లను చెప్పండి, జరిమానా ప్రస్తావన తీసుకురాకండి, ఎందుకంటే అది మీ సమస్య. మారితే వాళ్లకు ఏమి ఇస్తారో కూడా అప్పుడే చెప్పాలి: జనవరిలో మరో మూడు రాత్రులు, అందులో ఒక రాత్రి ఉచితం, లేదా అవే తేదీలకు మీరు చూసి పెట్టిన మరో ఇల్లు, తేడా ఖర్చు మీదే. ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు ఇచ్చి, మీరు మళ్లీ ఫోన్ చేయకుండా వాళ్లు చేసే వరకు ఆగండి. ‘కుదరదండీ’ అన్నా, ‘చూస్తాం’ అని నసిగినా, గడువు దాటినా దాన్ని కాదన్నట్టే తీసుకోండి. మీవారు చేస్తే స్నేహం అడ్డొచ్చి ఆ సహోద్యోగి కాదనలేరు కాబట్టి, ఆ ఫోన్ మీరే చేసి ఆ సహోద్యోగి భార్యతో మాట్లాడడం మంచిదని నా సలహా. ఎవరు ఎక్కడ పడుకోవాలో, పిల్లలకు ఏ తేదీ కుదురుతుందో ఆవిడకే బాగా తెలిసి ఉంటుంది. అయితే ఆ ఒక్క రోజు కోసం బెంగళూరు వాళ్లను చీకట్లో ఉంచకండి. వాళ్లకు విషయం ఈ రోజే తెలియాలి, నిర్ణయం రేపు తెలిసినా ఫరవాలేదు.

వాళ్లకు ఫోన్ చేసేలోపు చేతిలో ఒక గది ఉండాలి. ‘వేరేది చూస్తాను’ అన్న మాటతో డిసెంబరు చివరి వారంలో ఎవరికీ ధైర్యం రాదు. ఉదయాన్నే బయలుదేరి రెండు మూడు ఇళ్లు మీ కళ్లతో చూసి రండి. ఏపీ టూరిజం హరిత రిసార్టులు అరకులో, అనంతగిరిలో, టైడాలో ఉన్నాయి. సంవత్సరాంతానికి అవి నిండిపోతుంటాయి కానీ రద్దులు కూడా వస్తుంటాయి కాబట్టి అడిగి చూడండి. అయితే టైడా అరకుకు దాదాపు 40 కిలోమీటర్ల ముందే ఉంది. చాపరాయి, కాఫీ మ్యూజియం చూసి సాయంత్రానికి గదికి చేరాలనుకునే వాళ్లకు, రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగవలసిన గది అద్దెలో సమానమైనా ఉపయోగంలో సమానం కాదు. మీ ఇంటిని వాళ్లు ఎందుకు ఎంచుకున్నారో బుకింగు సమయంలో పంపిన సందేశం మళ్లీ చదవండి. పాప కోసమైతే వంటిల్లు ఉందా, పాలు కాచుకోవడానికి స్టవ్ ఉందా, గీజరు తిప్పితే వేడినీళ్లు నిజంగా వస్తున్నాయా, మెట్లు ఎన్ని, కిటికీ తలుపు గట్టిగా పడుతోందా అన్నవి చూడండి. డిసెంబరు రాత్రుల్లో అరకు చలి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు, పసిపాపకు అది అసలు తెలియనిది. నచ్చిన గదికి మీరే కొంత అడ్వాన్సు ఇచ్చి రెండు రోజులు ఆపించండి. మీ రద్దు తరువాత వాళ్ల డబ్బు బ్యాంకుకు చేరడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, ఆ మధ్యలో కొత్త గదికి మళ్లీ పూర్తి డబ్బు కట్టడం ఒక కుటుంబానికి భారం. ఆ అడ్వాన్సు మీరు కట్టి ఉంటే ఆ భారం కొంత తగ్గుతుంది.

ఫోన్ ఇలా మొదలుపెట్టవచ్చు: ‘అమ్మా, అరకులో మీరు బుక్ చేసుకున్న ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. మా వల్ల ఒక పెద్ద పొరపాటు జరిగింది. మీకు ఇచ్చిన మూడు రాత్రులకూ అంతకు వారం ముందే మావారు ఫోన్‌లో మరో కుటుంబానికి మాట ఇచ్చి ఉన్నారు. అది యాప్‌లో పెట్టకపోవడం మా తప్పు. మీకు పాప ఉందని తెలుసు కాబట్టి దగ్గరలోనే ఒక ఇల్లు నేను వెళ్లి చూసి వచ్చాను. వంటిల్లు, వేడినీళ్లు ఉన్నాయి. ఫొటోలు పంపిస్తాను. అద్దె ఎక్కువైతే ఆ తేడా మేమే ఇస్తాం. అది నచ్చకపోతే మీ డబ్బు మొత్తం వెనక్కి వచ్చేలా ఈ రోజే మేమే రద్దు చేస్తాం.’ విజయనగరం వాళ్ల జవాబు ఇంకా రావలసి ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఆశ మాత్రం పెట్టకండి. తరువాత ఆగి వినండి. వాళ్లకు కోపం వస్తుంది, రావాలి కూడా. ‘అర్థమవుతోందమ్మా’ అనడం తప్ప సంజాయిషీ ఇవ్వకండి, మీవారి క్యాలెండరు కథ చెప్పకండి. వాళ్లకు కావలసింది ఎక్కడ ఉండాలన్నదే. మాట్లాడిన వెంటనే అదే విషయాన్ని యాప్‌లోని సందేశాల్లో రాసి పంపండి. తేడా డబ్బు కూడా యాప్ ద్వారానే పంపితే ఇద్దరికీ లెక్క ఉంటుంది. వాళ్లు ఏదో ఒకటి ఎంచుకోగానే రద్దు నొక్కండి. రెండు రోజులకు మించి సాగనివ్వకండి.

ఇంత ఖర్చు దేనికని మీవారు అడిగితే ఈ లెక్క చూపించండి. జరిమానా రూ.5,250. కొత్త ఇంటి అద్దె రాత్రికి రెండు వేలు ఎక్కువ అనుకుంటే మరో రూ.6,000. మొత్తం రూ.11,250. విజయనగరం కుటుంబం ఇచ్చే రూ.21,000లో ఇంకా తొమ్మిది వేల పైన మిగులుతుంది. ఈ ఏడాది చివరి మూడు రాత్రులకు మీకు లాభం తగ్గుతుంది, చేతి నుంచి పోదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవం ఒకటి కారణం. భీమిలిలో మా పాత ఇంటి పై అంతస్తును పర్యాటకులకు ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి ఏడాది, ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు గేటు ముందు కారు ఆగింది. నేను కిందికి వెళ్లేసరికి వాళ్లు అప్పటికే మెట్లెక్కి పై గది తలుపు దగ్గర నిలబడ్డారు. తలుపు ముందు ఆరు జతల చెప్పులు వరసగా ఉన్నాయి, లోపల టీవీ మోగుతోంది. చేతిలో సంచితో ఉన్న ఆవిడ ఆ చెప్పులను చూసి, భుజం మీద నిద్రపోతున్న పిల్లవాణ్ని మరో భుజానికి మార్చుకొని, నా వైపు చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. అప్పటికి ఆరు రోజులుగా ఆ రెండు బుకింగుల సంగతి నాకు తెలుసు. ఎవరో ఒకరు రాకపోవచ్చని, వచ్చినా అప్పుడు చూసుకోవచ్చని రోజులు నెట్టాను. మీరు నాలుగు రోజులుగా మౌనంగా ఉన్నామని రాసినప్పుడు నాకు ఆ మెట్లే కళ్లముందు కనిపించాయి.

ఆ రాత్రి నేను మొదట సంజాయిషీ చెప్పబోయాను. వాళ్లతో వచ్చిన పెద్దావిడ ‘బాబూ, ముందు బాత్రూమ్ చూపించు’ అంది. గుమ్మంలో అతిథులు నిలబడి ఉన్నప్పుడు ఏ వరసలో పనులు చేయాలో ఆవిడే నాకు నేర్పింది. మా ఇంట్లో కూర్చోబెట్టి, పిల్లవాణ్ని మా మంచం మీద పడుకోబెట్టి, మా ఆవిడ ఉప్మా చేసి పెట్టే లోపల నేను ఫోన్లు చేశాను. గది దొరికేసరికి పదకొండు దాటింది. దారి చెప్పి పంపకుండా నా బండి మీద ముందు వెళ్లి, వాళ్లు గదిలో దిగేదాకా ఉండి, ఆ రాత్రి అద్దె నేనే కట్టాను. ఇదంతా చేశానని గొప్పగా చెప్పడం లేదు. ఆరు రోజుల ముందు ఫోన్ చేసి ఉంటే ఆవిడకు ఆ చెప్పులు చూడవలసిన అవసరమే రాకపోయేది. మీది ఘాట్ దాటి వచ్చే ఊరు. ఎస్.కోట దాటాక మలుపుల్లో రాత్రిపూట మంచు ఎలా పడుతుందో మీకు తెలుసు. అక్కడికి చేరిన కుటుంబాన్ని వెనక్కి పంపడం ఊహించడానికి కూడా వీలుకాదు.

ఈ గండం గట్టెక్కాక, మళ్లీ ఇలా జరగకుండా ఇల్లు సర్దుకోవాలి. మీ ఇంట్లో రెండు క్యాలెండర్లు ఉన్నాయి, ఒకటి గోడ మీద, ఒకటి ఫోన్‌లో. అసలు చిక్కు అదే. యాప్ క్యాలెండరునే ఇంటి క్యాలెండరుగా పెట్టుకొని, మీవారిని కోహోస్ట్‌గా, అంటే యాప్‌లో మీతోపాటు ఇల్లు చూసుకునే మనిషిగా చేర్చి ఆయన ఫోన్‌లో కూడా అది తెరుచుకునేలా చేయండి. తోటలో సిగ్నల్ అందని చోట ఫోన్ వస్తే ‘గంటలో చెబుతాను’ అనడం ఆయన అలవాటు చేసుకోవాలి. ముందు యాప్‌లో ఆ తేదీలు మూయాలి, ఆ తరువాతే అడ్వాన్సు తీసుకోవాలి. ఈ వరస ఎంత తెలిసినవాళ్లయినా తప్పకూడదు. డబ్బు ముందు వచ్చేస్తే పని అయిపోయినట్టు అనిపించి మిగతాది మరచిపోవడం మనిషికి సహజం.

తేదీల విషయంలో మన మాట తీరు వల్ల కూడా పొరపాట్లు వస్తాయి. ‘కనుమ నాటికి వస్తాం’ అంటారు. సంక్రాంతి 2024లో జనవరి 15న వచ్చింది, 2025లో 14న వచ్చింది, దాంతో కనుమా ఒక రోజు జరిగింది. అందుకని పండుగ పేరుతో ఎవరైనా గది అడిగితే తేదీ చెప్పించుకోండి. ‘ముప్పై ఒకటిన తెల్లవారుజామున నాలుగింటికి దిగుతాం’ అన్నవాళ్లకు గది ముప్పయ్యో తేదీ రాత్రి నుంచి కావాలి. వాళ్లు అది అనుకోరు, మీరు అడగరు, ఆ రాత్రి మరొకరికి వెళ్లిపోతుంది. ‘రెండు రోజులు’ అంటే రెండు రాత్రులా, ఒక రాత్రా అన్నది ఇంకో చిక్కు. ఫోన్ బుకింగు ఏదైనా సరే, దిగే తేదీ, వారం, వేళ, ఖాళీ చేసే తేదీ, వారం, వేళ, ఎన్ని రాత్రులు, ఎంతమంది అన్నవి వాట్సాప్‌లో రాసి పంపి, అవతలివాళ్ల నుంచి ‘సరే’ వచ్చాకే ఖాయమనుకోండి.

మరో యాప్‌లో కూడా ఇల్లు పెడితే రెండు క్యాలెండర్లను లింకుతో కలుపుకోవచ్చు. అయితే ఒకదానిలో పడిన బుకింగు రెండోదానిలో వెంటనే కనిపించదు, కొన్ని గంటలు పట్టవచ్చు. మామూలు రోజుల్లో ఆ ఆలస్యం వల్ల ఏమీ కాదు. డిసెంబరు చివరి వారం, సంక్రాంతి, వరుస సెలవులు వచ్చినప్పుడు మాత్రం ఆ కొన్ని గంటల్లోనే రెండో బుకింగు పడుతుంది. అలాంటి తేదీలను ఒక్క యాప్‌లోనే ఉంచి రెండోదానిలో ముందే మూసేయడం మేలు. లేదా ఇన్‌స్టంట్ బుకింగ్ తీసేసి, అతిథి అడిగాక మీరు ఒప్పుకునే పద్ధతికి మారవచ్చు, అందులో జవాబు ఇవ్వడానికి మీకు 24 గంటలుంటాయి. ఇల్లు మొత్తంగా ఒకటి, గదులు విడివిడిగా రెండు అని యాప్‌లో మూడు లిస్టింగులు (విడివిడి ప్రకటనలు) పెట్టే ఆలోచన ఉంటే వాటి క్యాలెండర్లను ఒకదానితో ఒకటి జతచేయకుండా తెరవకండి. ఒక గది పోయాక కూడా మొత్తం ఇల్లు ఖాళీగా కనిపిస్తే మళ్లీ ఇదే కథ.

రైలు సంగతి ఒకటి చెప్పాలి. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి, అంతకుముందు 120 రోజులుండేది. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజరులో అద్దాల బోగీ దొరికాకే గది వెతుక్కునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, డిసెంబరు చివరి వారం ఫోన్లు అక్టోబరు చివరి వారంలోనే మొదలవుతాయి. మీ క్యాలెండరును సరిచూసుకోవలసింది ఆ వారంలోనే. ఏడాదికోసారి, అక్టోబరు ఆఖరున, మీరూ మీవారూ ఎదురెదురుగా కూర్చొని జనవరి 20 దాకా ప్రతి రాత్రినీ ఒక్కొక్కటిగా చదువుకోండి. అరగంట పని.

మీవారి మీద కోపం పెట్టుకోకండి. ఆయన రాసి పెట్టారు, కాగితం కింద ఉండిపోయింది, అంతే. ఈ ఫోన్లు చేసేటప్పుడు ఆయన్ను పక్కన కూర్చోమనండి. బెంగళూరు వాళ్లకు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య, పాప నిద్రపోయే వేళ చూసి ముందు ‘మాట్లాడడానికి వీలవుతుందా’ అని చిన్న సందేశం పెట్టండి. విజయనగరం వాళ్లకు రాత్రి భోజనాలయ్యాక చేయండి. వాళ్లు రావడమే ఖాయమైతే 29వ తేదీ సాయంత్రం మరోసారి ఫోన్ చేసి ఎన్నింటికి బయలుదేరుతున్నారో కనుక్కోండి. బెంగళూరు కుటుంబం మీరు చూపించిన ఇంట్లోనే దిగితే, 30న వాళ్లు వచ్చే వేళకు ఆ ఇంటి దగ్గర మీరు ఉండండి. గీజరు ముందే వేయించి, పాపకు కాచిన పాలు ఒక ఫ్లాస్కులో తీసుకెళ్లండి.